వేసవి ట్రెక్కింగ్ పేజీలో ఫొటోతో పాటు ఎత్తు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో వేసవి సెలవుల్లో వెళ్లదగ్గ కొండ ప్రాంతాల గురించి పేజీ నిండా వేశారు. ఫొటోలు చాలా బాగున్నాయి. ఏప్రిల్ మొదటి వారానికే మధ్యాహ్నం బందరు రోడ్డు మీద చెప్పులున్నా అరికాళ్లు కాలుతున్న మా విజయవాడ వాళ్లకు ఆ మంచు చూస్తే ప్రాణం లేచొస్తుంది. మా స్టాఫ్ రూమ్‌లో ఆ పేజీ అందరి చేతులూ తిరిగింది, ఇద్దరు టీచర్లు అప్పటికప్పుడు ఫోన్లు తీసి ప్యాకేజీ రేట్లు కూడా చూశారు. కానీ అందులో ఊళ్ల పేర్లు, ఖర్చు, రైళ్ల వివరాలు అన్నీ ఉన్నాయి తప్ప, రాత్రి పడుకునే చోటు ఎంత ఎత్తులో ఉంటుందో ఒక్కదానికీ రాయలేదు. మే నెలలో ఆ దారి తెరిచి ఉంటుందా అన్నదీ రాయలేదు. ఆ రెండు సంగతులు తెలియక మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, వీలైనంత వేయండి.

నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మాకు సెలవులంటే ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా, అంతే. పిల్లలున్న ఏ ఇంటికైనా అదే లెక్క. అసలు చిక్కంతా అక్కడే ఉంది. మన సెలవులు మన ఎండలను బట్టి పెట్టుకున్నవి, హిమాలయాల్లో మంచు కరిగేదాన్ని బట్టి కాదు. నాలుగు వేల మీటర్లు దాటిన కనుమల్లో, అంటే ఒక లోయ నుంచి ఇంకో లోయకు కొండ దాటే దారుల్లో, చాలావాటికి మంచు తగ్గి దారి తేలేది జూన్ సగం అయ్యాకే, అంటే మన బళ్లు తెరిచాకే. ఆ తర్వాత కొద్ది రోజులకే హిమాచల్‌లో కులూ, ఉత్తరాఖండ్‌లో గఢ్వాల్ వైపు వానలు పట్టుకుంటాయి. పూల లోయ అని అందరూ కలలు కంటారు కదా, ఉత్తరాఖండ్‌లోది, దాని గేటు జూన్ 1న తెరుస్తారు, కానీ ఆ పూలన్నీ విరగబూసేది జులై, ఆగస్టు నెలల్లో. జూన్ మొదటి వారంలో టీచరు కుటుంబం అంత దూరం వెళ్తే ఫొటోలో చూసింది అక్కడ ఉండదు. స్పితి, లద్దాఖ్ లాంటి చోట్ల వానలు తక్కువ కాబట్టి జులై, ఆగస్టుల్లో కూడా నడవచ్చు, కానీ అప్పుడు మనకు సెలవెవరిస్తారు?

2022 మేలో మేం ఐదుగురం వెళ్లాం. నేను, మా ఆయన, అప్పటికి ఇంటర్ రాసిన మా అమ్మాయి, మా తమ్ముడు, మరదలు. మనాలి దగ్గర హంప్టా పాస్ అని, కులూ లోయ నుంచి లాహౌల్ వైపు దాటే కనుమ, సుమారు 4,270 మీటర్లు. ఒక ట్రెక్కింగ్ సంస్థ వాళ్లు ఫోన్లో "మేలో మంచు బాగా ఉంటుంది మేడమ్, అప్పుడే అందం" అన్నారు. నమ్మాం. దారి తెరిచారా అని అడగాలన్న ఆలోచనే మాకు రాలేదు. శనివారం విజయవాడలో రైలెక్కి, ఢిల్లీలో దిగి, రాత్రి బస్సు పట్టుకుని మనాలి చేరి, అక్కడ ఒక్క రాత్రి పడుకుని మర్నాడే నడక మొదలుపెట్టాం. సముద్రానికి పాతిక మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు మనది. అలాంటి ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లం గురువారం రాత్రికి బాలూ కా ఘేరా అనే చోట, సుమారు 3,600 మీటర్ల ఎత్తులో గుడారాల్లో ఉన్నాం.

ఆ రాత్రి మరదలు కందిపొడి అన్నం కలిపి ఇస్తే తమ్ముడు ముద్ద ముట్టలేదు. తలనొప్పి అన్నాడు. ఆవకాయ జాడీ మూత తీసిన వాసనకే వంటింట్లోకి వచ్చే మనిషి వాడు. ప్రయాణం అలసటలే అనుకున్నాం. ఎనిమిది గంటలప్పుడు బయటికి వెళ్లాలని బూట్లు తొడుక్కుంటున్నాడు, నేను టార్చి పట్టుకున్నాను. లేసు కొసలు రెండూ పట్టుకున్నాడు కానీ ముడి వేయడానికి వేళ్లు ఆడట్లేదు. ఒక కొస జారిపోతోంది, మళ్లీ అందుకుంటున్నాడు, ఈసారి రెండోది జారిపోతోంది. "చలికి అక్కా" అన్నాడు, ఆ మాట కూడా నాలుక మందమైనట్టు వచ్చింది. మా గైడు ఆ చుట్టుపక్కల ఊరి కుర్రాడే, పాతికేళ్లు ఉంటాయేమో. లోపలికి తొంగి చూసి, ఒక్క మాట అడగకుండా తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లి, మంచు మీద కర్రతో గీత గీసి, ముందు కాలి మడమకు వెనక కాలి బొటనవేలు ఆనిస్తూ ఆ గీత మీదే నడవమన్నాడు. నాలుగడుగులు సరిగ్గా పడ్డాయి. ఐదోది పక్కకు పోయింది, మనిషి తూలాడు. "దీదీ, పొద్దున దాకా ఆగొద్దు, ఇప్పుడే దిగిపోదాం" అన్నాడు ఆ అబ్బాయి.

చీకట్లో, మంచులో, ఒకరి వెనక ఒకరం దిగాం. తమ్ముడికి అటొకరు ఇటొకరు. కింద క్యాంపు చీకా చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఐదు వందల మీటర్లు దిగామంతే. అరగంట కూర్చున్నాక వాడు నోరు తెరిచి "అక్కా, తినడానికేమైనా ఉందా" అన్నాడు. అటుకులు, బెల్లం పెట్టాను. వాడు తిన్నంతసేపూ మా మరదలు వాడి చెయ్యి వదల్లేదు.

మర్నాడు మనాలిలో డాక్టరు చెప్పిన దాన్ని బట్టి అది ఎత్తు వల్ల మెదడులో వాపు మొదలైన లక్షణం, ఆ రాత్రి అక్కడే పడుకోబెట్టి ఉంటే ప్రాణం మీదికి వచ్చేది. తమ్ముడు మా అందరిలోకీ గట్టివాడు. రోజూ తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెడతాడు. అయినా వాడికే వచ్చింది, కీళ్ల నొప్పులున్న మా ఆయనకు రాలేదు. ఎత్తు జబ్బుకు దిట్టమైన ఒళ్లు, నీరసమైన ఒళ్లు అన్న తేడా లేదు, ఎంత త్వరగా ఎక్కామన్నదే లెక్క. మూడు వేల మీటర్లు దాటాక ఈ రాత్రి పడుకున్న చోటికి, రేపు రాత్రి పడుకునే చోటికి ఎత్తులో 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఎక్కకుండా ఆగాలని డాక్టర్లు చెబుతారు. మేమేమో రెండు వేల మీటర్ల మనాలిలో ఒక్క రాత్రి ఉండి, రెండో రాత్రికి 3,100, మూడో రాత్రికి 3,600. తలనొప్పితో పాటు వాంతులు, తూలడం, కూర్చున్నా ఆయాసం, ఇలాంటివి కనిపిస్తే మాత్రలు మింగి ఆగడం కాదు, కిందికి దిగిపోవాలి. ముందుజాగ్రత్తకు వాడే మాత్ర ఉంది, ఎసిటజోలమైడ్ అని, కానీ సల్ఫా మందులు పడనివాళ్లకు అది పడకపోవచ్చు కాబట్టి డాక్టరును అడక్కుండా మందుల షాపులో కొనుక్కుని వేసుకోవద్దు.

ఇంకో మాట. మేం దిగిపోయిన తర్వాత ఆ సంస్థ బృందంలో మాతో వచ్చిన మిగతావాళ్లు కూడా ఆ కనుమ దాటలేదు. మంచు తొడల దాకా ఉందని మర్నాడే వెనక్కి వచ్చేశారు. అంటే తమ్ముడికి బాగానే ఉన్నా మాకు ఆ దారి లేదు.

అంత జరిగాక ఇంకా కొండలెందుకు, ఊటీ పోయి కూర్చోవచ్చుగా అని మా అత్తగారు అన్నారు. కానీ తమ్ముడే మళ్లీ వెళ్దాం అన్నాడు, ఈసారి చోటు మనమే ఎంచుకుందాం అన్నాడు. 2023 సంక్రాంతికి అందరం మా ఇంట్లో కలిసినప్పుడు క్యాలెండర్, మ్యాపు ముందేసుకుని కూర్చున్నాం. ఫొటోలు చూడకూడదని మా అమ్మాయి షరతు పెట్టింది. మంచి షరతు. ముందు మే 10 నుంచి 25 లోపు మంచు లేని చోట్లు మాత్రమే ఉంచుకున్నాం, దాంతోనే జాబితాలో సగం పైగా పోయాయి. తర్వాత కనుమ దాటే దారులన్నీ తీసేశాం. ఎందుకంటే కనుమ దాటాక ఏదైనా అయితే వెనక్కి రావాలన్నా మళ్లీ అంత ఎత్తూ ఎక్కే రావాలి. లోయలో ఏటి వెంట లోపలికి పోయే దారైతే ఎక్కడ బాగోలేకపోయినా అక్కడే వెనక్కి తిరగొచ్చు, తిరిగితే దిగుడే. ఈ ఒక్క సంగతి మాకు 2022లో ఎవరైనా చెప్పి ఉంటే!

మనిషి అలికిడి లేని చోటు కావాలని అందరం అంటాం, నేనూ అంటాను, అది తప్పు కాదు. మనాలి మాల్ రోడ్డులో బెంజి సర్కిల్ అంత ట్రాఫిక్ చూడటానికి 36 గంటలు ప్రయాణం చెయ్యక్కర్లేదు. కానీ ఎంత లోపలికి పోవాలన్నది కిలోమీటర్లలో చూడకూడదు. మాలో అందరికన్నా మెల్లగా నడిచే మనిషికి దెబ్బ తగిలితే మోసుకుని రోడ్డు మీదికి తేవడానికి ఎన్ని గంటలు పడుతుందో చూడాలి. మేం ఒక్క పూటలో బయటపడగలిగేంత అని గీత గీసుకున్నాం. కొందరికి రెండు రోజులైనా ఫర్వాలేదు అనిపిస్తుంది, వాళ్లకు అనుభవం ఉంటే సరే.

అలా వడపోస్తే మిగిలింది హిమాచల్‌లోని గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్క్, తీర్థన్ నది వైపు. 754 చదరపు కిలోమీటర్ల అడవి, లోపల బండ్లు పోయే రోడ్డు లేదు, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఢిల్లీ నుంచి మనాలి వెళ్లే బస్సులో ఆవుట్ సొరంగం దగ్గర దిగిపోయి, లార్జీ, బంజార్ మీదుగా గుషైనీ చేరితే అక్కడి నుంచి నది పక్కనే నడక. సాయిరోపాలో అటవీశాఖ ఆఫీసులో అనుమతి తీసుకోవాలి. ఆ కాగితం కోసం కూర్చున్న గంటన్నరకు మొదట విసుగొచ్చింది, తర్వాత అర్థమైంది, మన పేరు, ఎప్పుడు లోపలికి పోయాం, ఎప్పటికి రావాలి అన్నది ఒక చోట రాసి ఉండటం ఎంత ధైర్యమో. లోపల ఫోన్ పలకదు. శాటిలైట్ ఫోన్లు, విదేశాల్లో ట్రెక్కర్లు వాడే శాటిలైట్ పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే కేసు అవుతుంది, అమెరికాలో ఉన్న బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు ఇది గమనించాలి. మేం చేసిందల్లా, మా అత్తగారికి ఒక తెల్లకాగితం మీద మా దారి, గైడు ఊరు, ఫలానా రోజు సాయంత్రం ఆరింటికి ఫోన్ రాకపోతే చెయ్యాల్సిన నంబర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించడం. వాటిలో 112 కూడా ఉంది.

మోసే బరువు గురించి చెప్పాలి, ఇది ఎవరూ రాయరు. వన్‌టౌన్‌లో మా పెదనాన్న గారి బియ్యం కొట్లో కాటా మీద మా బ్యాగులు ఒక్కొక్కటీ పెట్టి తూచాం. నాది పద్నాలుగున్నర కిలోలు వచ్చింది. నా బరువు 58. ఐదో వంతు దాటితే మోకాళ్లు ఊరుకోవు. కొట్లోనే నేల మీద అంతా పరిచి ఒక్కొక్కటీ తీశాం. గాజు సీసాలో ఆవకాయ పోయి చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి వచ్చింది, స్టీలు క్యారేజీ పోయింది, రెండో జీన్స్ పోయింది, పదకొండుకు తెచ్చాక పెదనాన్న సరే అన్నారు. కందిపప్పు కూడా తీసేయించారు. అది మంచి పని, ఎందుకంటే ఎత్తుకు పోయేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి, 3,600 మీటర్ల దగ్గరైతే 88 డిగ్రీలకే, కుక్కర్ లేకుండా కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. అటుకులు, ఉప్మా రవ్వ ముందే వేయించి పెట్టుకున్నది, పులిహోర పులుసు, సున్నుండలు, ఇవి చాలు. గ్యాస్ డబ్బాలు రైల్లో గానీ విమానంలో గానీ పట్టుకెళ్లకూడదు, అక్కడే కొనుక్కోవాలి. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి రోజు మార్చి రోజు ఎండెక్కకముందే గుణదల కొండ మెట్లు బ్యాగుతో ఎక్కాం. బ్యాగులో నీళ్ల సీసాలు నింపుకుని ఎక్కి, పైన ఆ నీళ్లు మొక్కలకు పోసి ఖాళీ బ్యాగుతో దిగేవాళ్లం, దిగేటప్పుడే మోకాళ్లకు దెబ్బ కాబట్టి.

తీర్థన్‌లో మూడు రాత్రులూ రోలా అనే ఒకే చోట పడుకున్నాం, సుమారు 2,100 మీటర్లు. పగలు పైకి ఎక్కడం, సాయంత్రానికి మళ్లీ కిందికి వచ్చేయడం. శిఖరం ఏదీ ఎక్కలేదు. రెండో రోజు మధ్యాహ్నం దేవదారు చెట్ల కింద నది ఒడ్డున రాళ్ల మీద పడుకున్నాం, నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు, మా అమ్మాయి గంటసేపు ఒక్క మాట మాట్లాడలేదు. మా గైడు జుజురానా అనే పక్షి గురించి చెప్పాడు. హిమాచల్ రాష్ట్ర పక్షి అది. ప్రపంచంలోని పక్షులన్నీ తలా ఒక ఈక ఇస్తే దేవుడు దాన్ని చేశాడని వాళ్ల కథ. అది మాకు కనపడలేదు. తమ్ముడు ఆ సాయంత్రం తన బూట్ల లేసు కట్టుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. ఇంకేం కావాలి చెప్పండి.

ఆ గైడు చెప్పిన ఇంకో సంగతి కూడా మీ పాఠకులకు తెలియాలి. 1999లో పార్కును పూర్తిగా నోటిఫై చేసినప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు లోపల గొర్రెలు మేపుకునే హక్కు, మూలికలు ఏరుకునే హక్కు పోయాయి. ఇప్పుడు మనలాంటివాళ్లకు దారి చూపించడం, సామాను మోయడం వాళ్లకు ఒక ఆధారం. అందుకే గైడు ఎందుకు, యాప్‌లో దారి ఉంది కదా అనొద్దు. హంప్టాలో ఆ రాత్రి మంచు మీద గీత గీసింది కూడా అక్కడి ఊరి కుర్రాడే.

2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లో సహస్త్రతాల్ దారిలో మంచు తుఫానులో చిక్కుకుని, 22 మంది బృందంలో కర్ణాటక వాళ్లు తొమ్మిది మంది చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు తమ్ముడు ఫోన్ చేశాడు, ఇద్దరికీ మాట పెగల్లేదు. వాళ్లూ ఇష్టంతో వెళ్లినవాళ్లే. వేసవి కదా అని మనం అనుకుంటాం, కానీ అంత ఎత్తులో జూన్ అయినా వాతావరణం ఒక్క మధ్యాహ్నంలో తిరగబడుతుంది. వానాకాలం సంగతి చెప్పక్కర్లేదు, 2023 జులైలో కులూ జిల్లాలో రోడ్లే కొట్టుకుపోయాయి.

అంత దూరం ఎందుకు, మన కొండలు లేవా అని ఒక పాఠకుడు కిందటేడు మీకు ఉత్తరం రాశారు, అదీ చదివాను. ఉన్నాయి. అసలు బ్యాగు వీపున వేసుకుని అడవిలో రోజుల తరబడి నడవడం మనకు కొత్తేమీ కాదు. శివరాత్రికి, ఉగాదికి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి మూటలు నెత్తిన పెట్టుకుని నడిచే జనం ఏ ట్రెక్కర్‌కీ తీసిపోరు. కానీ మేలో నల్లమల వద్దు. వాగులు ఎండిపోతాయి, నీళ్లు దొరకవు, అడవికి నిప్పంటుకునే కాలం, పైగా అది పెద్దపులుల అభయారణ్యం, ఇష్టమొచ్చినట్టు లోపలికి పోకూడదు. తూర్పు కనుమల్లో బాగా ఎత్తయిన కొండల్లో ఒకటైన అర్మ కొండే 1,680 మీటర్లు, రోహిణి కార్తెలో ఆ చుట్టుపక్కల కూడా పగలు నడవడం కష్టమే. మన కొండలు చలికాలానికి ఉంచుకుందాం. మన అటవీశాఖ వాళ్లు నవంబరు నుంచి జనవరి దాకా కొన్ని దారులకైనా సాయిరోపాలో లాగా అనుమతి కాగితం, స్థానిక గిరిజన యువకులను గైడ్లుగా ఇచ్చే ఏర్పాటు పెంచితే బాగుంటుంది, దాని మీద మీరొక వార్త రాయాలి.

ఎడిటర్ గారూ, నేను కోరేది పెద్దదేమీ కాదు. అలాంటి పేజీ వేసినప్పుడు ప్రతి చోటు పేరు కింద ఒక్క వరుస చాలు: ఏ నెలలో దారి తెరుస్తారు, రాత్రి పడుకునేది ఎన్ని మీటర్ల దగ్గర, అనుమతి ఎవరివ్వాలి, దగ్గరి ఆసుపత్రి ఎక్కడ. "మేలో మంచు" అని ఫొటో కింద రాస్తే ఆ మంచు రోడ్డు పక్కన చూసేదా, దాటాల్సినదా అన్నది కూడా రాయండి. మీ పేజీ చూసి బయల్దేరేవాళ్లలో సగం మంది జీవితంలో మొదటిసారి మంచు చూసేవాళ్లే ఉంటారు.

ఈ ఏడాది మే 12న మళ్లీ తీర్థన్ వైపే వెళ్తున్నాం. టికెట్లు 60 రోజుల ముందే ఇస్తున్నారు కాబట్టి మార్చిలోనే తీసుకున్నాం. ఈసారి మా స్టాఫ్ రూమ్‌లో ఆ ఇద్దరు టీచర్లు కూడా వస్తామన్నారు. వచ్చే ఆదివారం పొద్దున్నే వాళ్ల బ్యాగులు పెదనాన్న గారి కాటా మీద పెట్టాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ